గుండ్రటి కూడలిపై గుంజాటన

అమెరికాలో ఏ చిన్న ఊళ్లోనైనా సిగ్నల్ కూడలిని తీసేసి గుండ్రటి కూడలి, అంటే రౌండబౌట్ కడతామని నగరపాలక సంస్థ ప్రకటించిందంటే మొదట వినిపించేది అభ్యంతరమే. అంతా గందరగోళమవుతుందని, గుద్దుకోవడాలు పెరుగుతాయని, వయసు మళ్లినవాళ్లు తిప్పలు పడతారని, బాగానే ఉన్నదాన్ని ఎందుకు కెలుకుతారని కారు నడిపేవాళ్లు నిలదీస్తారు. ఈ అభ్యంతరం ఎంత బలమైనదో, ఎన్నాళ్లు నిలుస్తుందో లెక్క తీసినవాళ్లున్నారు. బీమా కంపెనీల డబ్బుతో నడిచే అక్కడి హైవే భద్రతా పరిశోధన సంస్థ కాన్సాస్, మేరీల్యాండ్, నెవాడా రాష్ట్రాల్లో మూడు చోట్ల డ్రైవర్లను అడిగి 2002లో ఫలితాలు ప్రచురించింది. రౌండబౌట్ కట్టకముందు దాన్ని సమర్థించినవాళ్లు 31 శాతం. కట్టిన కొద్ది కాలానికే ఆ సంఖ్య 63 శాతానికి చేరింది. గట్టిగా వ్యతిరేకించినవాళ్లు 41 శాతం నుంచి 15 శాతానికి పడిపోయారు. తర్వాత న్యూయార్క్, న్యూహ్యాంప్‌షైర్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో మరికాస్త ఎక్కువ కాలం గమనించారు. అక్కడ కట్టకముందు 36 శాతం, కట్టగానే 50 శాతం మంది రౌండబౌట్ పక్షాన నిలిచారు. ఏడాది దాటాక రెండు అధ్యయనాల ఊళ్లనూ కలిపి చూస్తే సమర్థించినవాళ్లు సగటున దాదాపు 70 శాతం. ఏదైనా అలవాటైతే నచ్చుతుందిలే అని ఈ అంకెల్ని పక్కన పెట్టేయవచ్చు. నాకు మాత్రం వీటిలో అంతకు మించిన సంగతి కనిపిస్తోంది. రౌండబౌట్‌లో డ్రైవర్‌ను ఇబ్బంది పెట్టేదీ, ప్రాణం కాపాడేదీ ఒకటే. ఆ ఇబ్బంది ఎందుకున్నదో చక్రం పట్టుకుని అందులోంచి వెళ్లినవాళ్లకే తెలిసివస్తుంది.

రౌండబౌట్ దగ్గరికొచ్చే కారునే చూడండి. కూడలి ఇంకా కొంత దూరం ఉండగానే రోడ్డు నడుమ ఒక త్రికోణపు దిమ్మె మొదలవుతుంది. తిన్నగా పోతున్న బండిని అది కుడివైపుకు ఒంపు తిప్పుతుంది. ఆ ఒంపులో దూసుకుపోవడం కుదరదు కాబట్టి కాలు దానంతటదే బ్రేకు మీద పడుతుంది. దారి ఇవ్వాల్సిన గీత దగ్గరికి వచ్చేసరికి వేగం గంటకు 30, 40 కిలోమీటర్లకు దిగిపోతుంది. అక్కడ ఎడమవైపు చూడాలి. లోపల తిరుగుతున్న బండి ఉంటే దానికి దారి ఇవ్వాలి, ఖాళీ దొరికితే ఆగకుండానే లోపలికి వెళ్లిపోవచ్చు. లోపల అందరిదీ ఒకే దిశ. తన దారి రాగానే కుడి ఇండికేటర్ వేసి బయటపడాలి. ఇన్ని పనులూ కొద్ది సెకన్లలో డ్రైవరే చేసుకోవాలి. సిగ్నల్ దగ్గర ఈ బాధ్యత లేదు. పచ్చ లైటు పడితే పోవడమే, అవతలివాడు ఆగుతాడనే నమ్మకం మీద బండి సాగిపోతుంది. ఆ నమ్మకం వమ్మైన రోజున, ఎర్ర లైటు దాటుకుని వచ్చిన బండి నిండు వేగంతో పక్క తలుపుని ఢీకొంటుంది. కారులో మనిషికి అన్నిటికన్నా తక్కువ రక్షణ ఉండేది ఆ పక్కనే. పచ్చ లైటు ఇచ్చే నిశ్చింత డ్రైవర్‌కు హాయిగానే ఉంటుంది, కానీ పక్కలు చూసుకునే అలవాటును మాన్పించేది కూడా ఆ నిశ్చింతే.

నాలుగు దారుల మామూలు కూడలిలో బండ్ల దారులు ఒకదానికొకటి తగిలే చోట్లు 32 ఉంటాయి. ఒకే లేన్ ఉన్న రౌండబౌట్‌లో అవి 8. అసలు తేడా ఆ సంఖ్యలో కన్నా అక్కడ జరగగల ఢీ ఎలాంటిదన్న దాంట్లో ఉంది. ఎదురెదురుగా తగలడం, అడ్డంగా తలుపులోకి దూసుకురావడం రౌండబౌట్‌లో దాదాపు అసాధ్యం. తగిలితే ఏటవాలుగా, తక్కువ వేగంతో తగులుతాయి. వేగం సగమైతే ఢీకొనే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, ప్రాణాలు తీసేది బంపరు సొట్టతో పోతుంది. అమెరికాలో రౌండబౌట్లుగా మార్చిన 24 కూడళ్లను పరిశీలించిన 2001 నాటి అధ్యయనంలో మొత్తం ప్రమాదాలు దాదాపు 40 శాతం, గాయాలైన ప్రమాదాలు 76 శాతం తగ్గాయి. ప్రమాదాలు విపరీతంగా జరిగిన చోటనే మార్పు చేస్తారు కదా, ఏమీ చేయకపోయినా మరుసటేడు కొంత తగ్గేవేమో అన్న సందేహం సరైనదే. అందుకే ఆ పరిశోధకులు అలా వాటంతటవే తగ్గే భాగాన్ని గణాంక పద్ధతిలో తీసివేసి మిగిలిన తగ్గుదలనే చూపించారు. సిగ్నల్ కూడలిని రౌండబౌట్‌గా మారిస్తే మరణాలు, గాయాలతో ముగిసే ప్రమాదాలు 78 శాతం తగ్గుతాయని ఫెడరల్ హైవే శాఖ చెబుతోంది. ఇంత ఫలితమిచ్చే మార్పులు రోడ్ల నిర్మాణంలో అరుదు.

మరి ఇంత మేలు చేసేదాని మీద అమెరికన్లకు అంత అపనమ్మకం ఎందుకు? దానికి చరిత్రలో కారణముంది. న్యూయార్క్‌లో కొలంబస్ సర్కిల్ చుట్టూ వాహనాలను ఒకే దిశలో తిప్పడం 1905లోనే మొదలైంది. ఆ తర్వాత దేశమంతటా పెద్ద పెద్ద ట్రాఫిక్ సర్కిళ్లు వెలిశాయి. వాటిలో చాలాచోట్ల లోపలికి వచ్చే బండిదే మొదటి హక్కు. బస్సులోంచి దిగేవాళ్లను దిగనివ్వకుండా ఎక్కేవాళ్లు తోసుకొస్తే ఏమవుతుందో అక్కడా అదే అయింది. లోపలివాళ్లు బయటపడలేక, బయటివాళ్లు లోపలికి రాలేక సర్కిల్ బిగుసుకుపోయేది. విశాలంగా ఉన్నచోట వేగం, వేగంతో పాటు ప్రమాదాలు పెరిగాయి. బ్రిటన్ 1966లో ఈ నియమాన్ని తిరగేసింది. లోపల తిరిగే బండికే హక్కు, వచ్చేవాళ్లు ఆగి దారి ఇవ్వాలి అంది. ప్రభుత్వ రోడ్డు పరిశోధనశాలలో ఫ్రాంక్ బ్లాక్‌మోర్ ప్రయోగాలు చేసి వలయాన్ని చిన్నది చేశాడు. ఆ ఒక్క నియమంతో, ఆ చిన్న కొలతతో పాత సర్కిల్ రోగం కుదిరింది. ఈ కొత్త పద్ధతి రౌండబౌట్ అమెరికాలో తొలిసారి కనిపించింది 1990లో, నెవాడాలోని సమ్మర్లిన్‌లో. అప్పటికి రెండు తరాల డ్రైవర్లకు గుండ్రటి కూడలి అంటే మనసులో మెదిలేది పాత సర్కిలే. కాబట్టి కట్టకముందు వాళ్లు చెప్పిన అభిప్రాయం ఎప్పుడో చవిచూసిన మరో వస్తువు గురించి. దాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయడం తప్పు, దాన్నే తుది తీర్పుగా తీసుకోవడం అంతకన్నా తప్పు.

అభ్యంతరాల్లో కొన్ని అనుభవం ముందు నిలవవు. ఆలస్యమవుతుందన్నది అలాంటిది. ఎవరూ రాని కూడలిలో ఎర్ర లైటు ముందు ఊరికే నిలబడే సమయం రౌండబౌట్‌లో మిగులుతుంది. కరెంటు పోయినా అది ఎప్పట్లాగే పనిచేస్తుంది. అయితే దానికీ ఒక హద్దుంది. ఒకే లేన్ రౌండబౌట్ రోజుకు సుమారు 25 వేల వాహనాల దాకా మోయగలదు. అది దాటితే, లేదా ఒక దారిలోంచే తెరిపి లేకుండా బండ్లు వస్తుంటే, మిగతా దారులవాళ్లకు ఖాళీ దొరకదు. అలాంటి చోట రౌండబౌట్ కడితే డ్రైవర్ ఫిర్యాదు చేయడం న్యాయమే. రెండు లేన్ల రౌండబౌట్ల మీద వచ్చే ఫిర్యాదులోనూ నిజముంది. ఏ లేన్‌లో లోపలికి వెళ్లాలో ముందే తేల్చుకోకపోతే బయటపడేటప్పుడు పక్క బండికి అడ్డం పడాల్సివస్తుంది. కొత్తలో చిన్నచిన్న రాపిళ్లు ఎక్కువగా జరిగేది ఇందుకే. కానీ వాషింగ్టన్ రాష్ట్రంలో ఇలాంటివాటిని ఏళ్ల తరబడి గమనించిన 2019 నాటి అధ్యయనంలో ప్రమాదాలు ఏటా సగటున 9 శాతం చొప్పున తగ్గుతూ వచ్చాయి. అంటే నేర్చుకోవడానికి పట్టే కాలం కట్టడం ఖర్చులో ఒక భాగం. కూడలికి చాలా ముందే లేన్ గుర్తులు స్పష్టంగా పెడితే ఆ కాలం తగ్గుతుంది. వయసు మళ్లినవాళ్ల భయం సంగతీ అంతే. ఎదురుగా వస్తున్న బండి వేగాన్ని అంచనా వేసి ఎడమకు తిరగడం వయసుతో పాటు కష్టమయ్యే పని. రౌండబౌట్ వాళ్లను తప్పించేది ఆ పని నుంచే.

డ్రైవర్ల అభిప్రాయాల్లో బొత్తిగా కనిపించని మనుషులు రెండు రకాలవాళ్లున్నారు. నేను ఎక్కువ బరువు ఇచ్చేది వాళ్ల అభ్యంతరానికే. చూపు లేనివారు సిగ్నల్ కూడలిలో బండ్లు ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు విని రోడ్డు దాటే వేళను గుర్తుపడతారు. రౌండబౌట్‌లో చక్రాల చప్పుడు ఆగదు. వస్తున్న బండి బయటికి తిరుగుతుందో, లోపలే తిరుగుతూ పోతుందో చెవికి తెలియదు. ఒక లేన్ ఉన్నచోటే ఇది కష్టం, రెండు లేన్లుంటే అపాయం. అంధుల సంఘాలు ఏళ్లపాటు పట్టుబట్టిన ఫలితంగా, ఒకటి కన్నా ఎక్కువ లేన్లను దాటాల్సిన రౌండబౌట్లలో పాదచారుల కోసం సిగ్నలో, మెరిసే దీపాలో, ఎత్తు చేసిన దాటుబాటో ఉండాలని అమెరికా ప్రభుత్వ యాక్సెస్ బోర్డు 2023లో నియమం తెచ్చింది. రెండోవారు సైకిల్ తొక్కేవాళ్లు. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో జరిగిన అధ్యయనంలో రౌండబౌట్లు వచ్చాక సైకిలువాళ్లకు గాయాలైన ప్రమాదాలు 27 శాతం పెరిగాయి. వలయంలోనే బండ్ల పక్కన సైకిల్ దారి గీసిన చోట్ల పరిస్థితి మరీ అధ్వాన్నం. కాబట్టి డ్రైవర్లలో 70 శాతం మెచ్చుకున్నారంటే పని పూర్తయినట్టు కాదు. కారులో ఉన్నవాళ్లకు పెరిగిన రక్షణ నడిచేవాళ్లకూ తొక్కేవాళ్లకూ అందేదాకా ఆ కూడలి నిర్మాణం సగంలో ఉన్నట్టే లెక్క.

ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్ ఈ విషయంలో అందరూ చెప్పే ఉదాహరణ. 1996 నుంచి 2023 చివరి దాకా మేయర్‌గా ఉన్న జిమ్ బ్రెయినార్డ్ హయాంలో లక్ష జనాభా ఉన్న ఆ ఊళ్లో 150కి పైగా రౌండబౌట్లు వచ్చాయి. అక్కడ రోడ్డు మరణాల రేటు దేశ సగటు కన్నా చాలా తక్కువ. ఇదంతా రౌండబౌట్ల ఘనతే అనలేం. అది సంపన్నుల ఊరు, రోడ్లు మంచివి, కార్లు కొత్తవి. అయినా ఆ మేయర్‌ను జనం మళ్లీ మళ్లీ, మొత్తం ఏడుసార్లు గెలిపించారు. నచ్చని కూడళ్లలోంచి రోజూ తిరుగుతూ అన్నిసార్లు ఓటు వేయరు.

అమెరికా రోడ్ల మీద కారు నడుపుతున్న తెలుగువాళ్లకు ఇందులో అదనంగా నేర్చుకోవాల్సింది ఉంది. మన దగ్గర ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి చూడాల్సింది కుడివైపు, అక్కడ ఎడమవైపు. అది కొన్నాళ్లలో అలవడుతుంది. అలవడటం కష్టమైనది దారి ఇవ్వడం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1976లోనే ఈ కూడళ్లకు మార్గదర్శకాలు రాసింది, 2017లో సవరించింది. అయినా మన సర్కిళ్లలో విగ్రహం చుట్టూ ముందు ఎవరు ముక్కు దూరిస్తే వాళ్లదే దారి. వలయాన్ని సిమెంటుతో కట్టవచ్చు. లోపలివాడికి దారి ఇవ్వాలన్న ఒప్పందాన్ని మాత్రం డ్రైవర్ల మధ్యే కట్టాలి. లైసెన్సు పరీక్షలో దాన్ని చేయించి చూడాలి, తప్పితే జరిమానా పడాలి. ఆ పని వదిలేసి వలయం మాత్రం కడితే, అమెరికా వదిలించుకున్న పాత సర్కిల్‌నే మనం మళ్లీ కట్టుకున్నట్టు.

కాబట్టి కట్టకముందు జరిపే అభిప్రాయ సేకరణను ఓటింగులా చూడకూడదు. కట్టాలా వద్దా అన్నది అక్కడి ప్రమాదాల లెక్క, వాహనాల లెక్క తేల్చాలి. ఎలా కట్టాలన్నది మాత్రం అభ్యంతరం చెప్పినవాళ్ల నుంచే వినాలి. లేన్ అర్థం కాలేదన్నవారి మాట గుర్తుల రూపంలో, చూపు లేనివారి మాట దాటుబాట రూపంలో, లారీ తిరగదన్నవారి మాట నడిమి దిమ్మె చుట్టూ చక్రాలెక్కగలిగే వెడల్పాటి అంచు రూపంలో నక్షాలోకి ఎక్కాలి. ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి అడగాలి. అప్పుడు కారులోవాళ్లతో పాటు కాలినడకన దాటినవాళ్లనూ, సైకిల్ మీద వచ్చినవాళ్లనూ అడగాలి. ఆ రోజు వాళ్లు చెప్పేదే ఆ కూడలి మీద నిజమైన తీర్పు.