మామిడికి గీత చాలదు

షార్ల్ ఫ్రాన్స్వా దోబిన్యీ 1877లో ఓవేర్ ఊరి ఆపిల్ చెట్లను ఎచింగ్ చేశాడు. దాని నకలు ఒకటి జంషెడ్‌పూర్ పర్సుడీహ్‌లో నా పనిబల్ల ఎదుట గోడకు అంటించుకున్నాను. ఆ చెట్లంటే నాకు కాస్త అసూయ. ఆపిల్ కొమ్మ వంకర్లు పోతుంది, ఆకు పలచన. నాలుగు గీతలు గీసి మిగతా కాగితాన్ని వదిలేస్తే ఆ ఖాళీయే ఎండ అయిపోతుంది.

మా వైపు మామిడి అలా లొంగదు. ఆకు మీద ఆకు, మిట్టమధ్యాహ్నం కూడా కింద చీకటి. గీత పక్కన గీత ఇరికిస్తూ పోతే యాసిడ్ అన్నిటినీ కలిపి ఒకే గుంటగా తినేస్తుంది. విచిత్రం, అంత తిన్నచోట సిరా నిలవదు. నల్లగా రావాల్సిన నీడ బూడిదరంగులో తేలుతుంది.

ఎచింగ్‌లో నా పని ఇదీ: జింక్ రేకుకు మైనం పూత, దాన్ని సూదితో గీకడం, నైట్రిక్ యాసిడ్‌లో ముంచడం. లేతగా ఉండాల్సిన గీతలు తేలగానే రేకు పైకి తీసి, వాటికి వార్నిష్ పూసి, మిగతావాటి కోసం మళ్ళీ ముంచాలి. నీడను ముదరబెట్టేది చెయ్యి కాదు, గడియారం. యాసిడ్ ఈ ఊరికి కొత్తేం కాదు. కోల్డ్ రోలింగ్ మిల్లులో ఉక్కు రేకును అందులోంచే లాగుతారు, పొలుసు పోవడానికి. అక్కడ మచ్చ మిగలకూడదు, నాకు మచ్చే కావాలి. మిల్లులో చేసి రిటైరైన మా బాబాయికి ఇదంతా నవ్వులాట. "రేకు పాడుచెయ్యడానికి డబ్బులెట్టి యాసిడ్ కొంటావేట్రా?" అంటాడు.

మామిడికి దారి ఓవేర్ పక్కనున్న పొంత్వాజ్‌లో దొరికింది. 1879లో కమీయ్ పిస్సారో అక్కడి చెట్ల గుంపును అక్వాటింట్‌తో చేశాడు. రేకుపై రోజిన్ పొడి చల్లి వేడిచేస్తే రేణువులు అతుక్కుంటాయి. యాసిడ్ వాటి సందుల్లోంచే దిగుతుంది. గీత లేకుండానే నీడ! మన లక్ష్మా గౌడ్ కూడా గీతకు తోడుగా ఈ పద్ధతి వాడారు. పిస్సారో ఆ బొమ్మ చేసింది చిత్రకారుడు దెగా తలపెట్టిన పత్రిక కోసం, అది వెలువడనే లేదు. 1880 ఇంప్రెషనిస్టుల ప్రదర్శనలో ఆ రేకు నాలుగు దశల ముద్రలనూ ఒకే ఫ్రేములో పెట్టాడు. ఆ ధైర్యం నాకు దోబిన్యీ ఎండకన్నా నచ్చింది.

నా మామిడి దశల ముద్రలూ అలాగే వరసగా పరిచాను. బాబాయి మొదటిదే ఎంచుకున్నాడు, అందులో కొమ్మలు కనబడుతున్నాయని. నేను చివరిదాని వైపే. దాని కిందయితే మంచం వేసుకోవచ్చు.