ఉక్కు తొడుగులో కాలలేఖిని

2021 నవంబరులో జెనీవా నగరమున జరిగిన వేలములో ఒక పాత ఉక్కు చేతిగడియారము 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైబడిన ధర పలికెను. అది ఒమేగా సంస్థ 1957లో వెలువరించిన 'స్పీడ్‌మాస్టర్' తొలి నమూనాగా అమ్ముడయ్యెను. అది పెక్కు గడియారముల భాగములను కూర్చి తయారుచేసినదని 2023లో ఆ సంస్థయే ప్రకటించెను. ఇట్టి ధరలకును, గడియారముయొక్క గుణమునకును గల సంబంధమేమి?

స్పీడ్‌మాస్టర్ క్రోనోగ్రాఫు జాతికి చెందినది. వేళ తెలుపుటయే గాక, బొత్తాము నొక్కినపుడు కదలి, మరల నొక్కినపుడు ఆగెడి వేరొక ముల్లుతో గడచిన కాలమును కొలుచును. గ్రీకు భాషలో ఆ పేరునకు 'కాలమును వ్రాయునది' అని అర్థము. 1821లో పారిస్ గుఱ్ఱపు పందెములలో రియుసెక్ ఉపయోగించిన యంత్రము నిజముగనే సిరాచుక్కలు పెట్టెడిది. నేటి గడియారము ఏమియు వ్రాయదు. పేరు మాత్రము నిలిచినది.

దీనిలో మిక్కిలి మెచ్చదగిన భాగము పైకి కనబడదు. ఆగిన ముల్లు ఎచ్చటనున్నను, రెండవ బొత్తామును నొక్కగనే తటాలున సున్నకు వచ్చును. ముల్లు ఇరుసునకు హృదయాకారముగల చిన్న బిళ్ల అమర్చబడి యుండును. దాని అంచుపై ఒక చిన్న సుత్తి పడును. బిళ్ల ఏ స్థితిలోనున్నను, కేంద్రమునకు అంచు మిక్కిలి దగ్గరగానున్న చోటు సుత్తి క్రిందికి వచ్చువరకు తిరిగి, అచ్చట ఆగును. కొండవాలున ఎచ్చట పడిన నీరైనను లోయను చేరినట్లే. అడాల్ఫ్ నికోల్ 1844లో దీనికి పేటెంటు పొందెను. దళసరి అట్టను ఆ ఆకారమున కత్తిరించి, గుండుసూదిపై నిలిపి, స్కేలుతో నొక్కి చూపినచో తరగతిలోని బాలురకును బాలికలకును క్షణములో బోధపడును.

అంచు వలయముపైనున్న వేగమాపక స్కేలును ఇంతగా మెచ్చుకొనుటకు వీలులేదు. కిలోమీటరు దూరమునకు పట్టిన సెకండ్లతో 3,600ను భాగించినచో గంటకు వేగము వచ్చును. ఆ భాగహారము వలయముపై ముందే చేసియుంచినారు. 45 సెకండ్లు పట్టినచో వేగము 80. అచ్చట 1/5 సెకండు పొరపాటు జరిగినను ఫలితములో అర కిలోమీటరు భేదమైనను రాదు. కాని 500 అను అంకె 7.2 సెకండ్లకు సరిపోవును. అచ్చట అదే పొరపాటు 13 కిలోమీటర్లను మించిన భేదము తెచ్చును. వేలితో బొత్తాము నొక్కుటలో అంతటి ఆలస్యము సహజము. కావున ఆ అంకె అలంకారమే.

మరియొక లోపము ఇంతకంటె తీవ్రమైనది. తొలి యంత్రము గంటకు 18,000 సార్లు, అనగా సెకండునకు 5 సార్లు కొట్టుకొనెడిది. డయలుపై ప్రతి సెకండును 5 భాగములుగ చేయుట సబబే. 1968లో ప్రవేశపెట్టిన యంత్రము సెకండునకు 6 సార్లు కొట్టుకొనును. డయలు మాత్రము మారలేదు. ముల్లు గీతల నడుమ ఆగుచుండగా, చూచువాడు ఏ భాగమును చదువవలెను? 2021 నమూనాలో సెకండును 3 భాగములుగ చేసి దీనిని సరిదిద్దిరి. కొలత పరికరమునకు అర్ధశతాబ్దము పట్టరాని సవరణ ఇది.

ఉక్కు గూర్చి చెప్పవలసినది స్వల్పము. క్రోమియము ఆక్సైడు పొర తుప్పును అరికట్టును. వంటింటి స్టెయిన్‌లెస్ పాత్రలకు ఇది దగ్గరి చుట్టమే.

అగ్గువ క్వార్ట్‌జు గడియారము సెకండునకు 32,768 కంపనములతో నడచి, నెలకు సుమారు 15 సెకండ్లు మాత్రమే తప్పునని, 2021 స్పీడ్‌మాస్టర్ రోజుకు 5 సెకండ్ల వరకు ముందునకు పోవచ్చునని ఆక్షేపించువారు కలరు. లెక్క సరియైనదే. అయితే క్రోనోగ్రాఫుతో కొలుచునది నెలలను కాదు. 1970 ఏప్రిలులో అపోలో 13 నౌకలో విద్యుత్తును పొదుపు చేయుటకై పరికరములను చాలవరకు ఆపివేసిరి. మార్గమును సరిదిద్దుటకు ఇంజనును 14 సెకండ్లు మండింపవలసి వచ్చినపుడు, స్వైగర్ట్ తన చేతి స్పీడ్‌మాస్టర్‌తో ఆ కాలమును కొలిచెను. రోజుకు 5 సెకండ్లు తప్పెడి గడియారమైనను ఆ 14 సెకండ్లలో సెకండున వెయ్యవ వంతైనను తప్పదు. దాని స్ప్రింగునకు విద్యుత్తుతో పనియు లేదు.