నల్లరాతిలో ముత్యపు చిప్ప

తెల్లవారుజామున హైదరాబాదులో బయలుదేరి, జహీరాబాదులో టిఫిను చేసి, ఎండ ముదరక ముందే బీదరు కోటలో అడుగు పెట్టాం. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్న ఊరిది. బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి తెచ్చుకున్నాడు. బురుజులు, కందకాలు, ఫిరంగులు అన్నీ ఘనంగానే ఉన్నాయి. నన్ను మాత్రం ఆ రోజంతా ఒక్క గుమ్మం వదల్లేదు.

కోటలోని రంగీన్ మహల్‌కు తాళం వేసి ఉంది. అడిగితే తీశారు. చెక్కడపు పని నిండిన కొయ్య స్తంభాల మధ్య నుంచి నడిచి లోపలి గది ముందుకొచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. ద్వారం చుట్టూ నిగనిగలాడే నల్లరాయి. అందులో ముత్యపు చిప్ప తునకలు తీగలై, ఆకులై అల్లుకుపోయాయి. ఎదురుగా నిలబడితే పాలతెలుపు. కాస్త పక్కకు జరిగితే లేత గులాబీ. ఇంకాస్త వంగి చూస్తే నెమలిమెడ మెరుపు. మనం కదిలినప్పుడల్లా ఆ తీగ కొత్తగా పూస్తుంది. కొన్నిచోట్ల తునకలు రాలిపోయి గుంటలు మిగిలాయి. పనివాడి చెయ్యి నాకు ఆ గుంటల్లోనే బాగా తెలిసింది. ఒక్కో ఆకుకు ఆ ఆకు కొలతకే గూడు తొలిచాడు. రాయి చూస్తే మొండిది, చిప్ప చూస్తే పెళుసుది. రెంటినీ ఒప్పించి ఒకచోట కూర్చోబెట్టాడు, ఎంత ఓపిక! బహమనీల వైభవం ముగిశాక, బరీద్ షాహీల చిన్న రాజ్యంలో, అలీ బరీద్ షా (1542–1580) హయాంలో జరిగిన పని ఇది.

అదే తునకల్ని పాలరాతిలో పొదిగితే ముచ్చటగా ఉండేవేమో, ఇలా గుండె పట్టేసేవి కావు. నలుపు విలువ తెలిసిన ఊరు బీదరు. ఇక్కడి బిద్రీ పనీ అంతే. తుత్తునాగంలో కాస్త రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద నగిషీ చెక్కి, ఆ గాట్లలోకి వెండి తీగ కొడతారు. అప్పటికి లోహమూ వెండీ కలిసిపోయినట్టే ఉంటాయి, పూలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. చివర్లో కోట మట్టీ నవాసాగరమూ కలిపి పట్టిస్తారు. లోహం కారునలుపు తిరుగుతుంది, వెండికి ఏమీ కాదు. అంతసేపూ దాగి ఉన్న తీగ ఒక్కసారి వెలిగిపోతుంది.

ఊళ్లోని మహమూద్ గవాన్ మదరసా 1472 నాటిది. పేలుడులో సగం పోగా, మిగిలిన ఒక్క మినారు మీద నీలం, పసుపు, తెలుపు పలకలు ఇంకా అంటుకుని ఉన్నాయి. అందమైనదే, కానీ దాని సొగసంతా పగటి ఎండలోది. నా మనసు అప్పటికే చీకటి వైపు మళ్లింది.

ఊరి బయట అష్టూరులో అహ్మద్ షా సమాధి ఉంది. ఆయన ముస్లింలకు వలీ, లింగాయతులకు అల్లమప్రభువు. లోపలికి వెళ్లగానే ఏమీ కనపడలేదు. "కాసేపు ఆగు బేటా, కళ్లు అలవాటు పడనీ" అన్నాడు అక్కడి ముసలాయన. తర్వాత గుమ్మంలో నిలబడి చేతి అద్దంతో ఎండను పట్టి పైకి విసిరాడు. గుమ్మటం లోపల సిందూరం, నీలం, వాటి మీద బంగారు అక్షరాలు! వెలుగు బిళ్ల మెల్లగా పాకుతుంటే ఒక తీగ, ఒక అక్షరం, మరో తీగ. దాని వెనకే నా తల తిరుగుతోంది. అద్దం పక్కకు తిప్పాడు, అంతా మళ్లీ చీకట్లో కలిసిపోయింది. ఇంకోసారి చూపించమని చిన్నపిల్లాడిలా బతిమాలాను. చూపించాడు.

మీరు బీదరు వెళితే అష్టూరుకు ఎండ బాగా ఉన్న వేళ చూసుకుని వెళ్లండి. కోటలో రంగీన్ మహల్‌కు తాళం కనపడితే అడిగి తీయించుకోండి. అది చూడకుండా మాత్రం తిరిగి రాకండి.