గుట్ట, గుడి, మిల్లు: ఇందూరు కట్టడాలను ఫొటో తీయడం

కట్టడాల ఛాయాచిత్రణ అంటే రాయి, ఇటుక, సున్నం, ఇనుము, కాంక్రీటు ఏ రూపంలో నిలబడ్డాయో, ఏ బలంతో నిలబడ్డాయో చూపించే పని. మనిషి కట్టిన గుడి, కోట, ఆనకట్ట, పొగగొట్టంతో పాటు ప్రకృతి పేర్చిన గుట్టలూ బండలూ దీని కిందికే వస్తాయి. పెళ్లి ఫొటోలో మనిషి కదులుతాడు, ఆ క్షణాన్ని పట్టుకోవాలి. కట్టడం కదలదు. దాని మీద వెలుతురు కదులుతుంది, చుట్టూ ఋతువు మారుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది కొంచెం కొంచెంగా తరిగిపోతుంది. అందుకే ఈ పనిలో చేతి చురుకు కంటే ఓపిక, లెక్క ఎక్కువ కావాలి.

ఈ విద్య నేర్చుకోవడానికి నిజామాబాద్ ప్రాంతం కంటే మంచి బడి దొరకడం కష్టం. పాత పేరు ఇందూరు. ఊళ్లో గుట్ట మీద ఖిల్లా, హైదరాబాద్ దారిలో డిచ్‌పల్లి రామాలయం, ఆర్మూరు చుట్టూ నల్లబండల గుట్టలు, బోధన్‌లో దేవల్ మసీదు, శక్కర్‌నగర్‌లో పంచదార మిల్లు, కందకుర్తి దగ్గర గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే సంగమం. కొంచెం ఎగువన మంజీర మీద నిజాంసాగర్, దిగువన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్. రెండు మూడు రోజుల తిరుగుడులో కోట్ల ఏళ్ల నాటి రాయి నుంచి నిన్నమొన్న ఆగిపోయిన యంత్రం దాకా అన్నీ కెమెరా ముందుకొస్తాయి.

మన దేశంలో ఈ సంప్రదాయం కొలతల పనివాళ్ల చేతుల్లో పెరిగింది. 1858లో మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు లినియస్ ట్రైప్ తంజావూరు బృహదీశ్వరాలయం పీఠం చుట్టూ ఉన్న శాసనాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, 21 ప్రింట్లను అతికించి, సుమారు 19 అడుగుల పొడవైన ఒకే చుట్టగా చేశాడు. అక్షరం పోకూడదన్న పట్టుదలే ఆ చుట్టకు ప్రాణం. హైదరాబాద్ రాజ్యంలో ఈ విద్యకు పెద్ద పేరు రాజా దీన్‌దయాళ్. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖ ఉద్యోగిగా ఉంటూ 1874లో కెమెరా పట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. గోడ నిటారుగా ఉండాలి, ఆవరణ మొత్తం కనపడాలి, నీడలో వివరం మాయం కాకూడదు అనే క్రమశిక్షణ ఆయన చిత్రాల్లో కనిపిస్తుంది. అది కొలతల చదువు నుంచి వచ్చిందే అనుకోవాలి. ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు గులాం యజ్దానీ తొలి డైరెక్టర్. ఆయన 1930 నుంచి 1955 దాకా వెలువరించిన అజంతా సంపుటాలు ఫొటోల ఆధారంగానే సాగాయి. శాఖ అన్నాక ఫొటో ఒక పత్రం, దాఖలా. ఆ దృష్టి ఇప్పటికీ ఈ విద్యకు పునాది.

పనిలో మొదటి పాఠం సూర్యుడి లెక్క. నిజామాబాద్ సుమారు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల నడుమ ఒకసారి, జులై చివర మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. ఆ వెలుతురులో చూరు నీడ గోడంతా కిందికి జారుతుంది, బొమ్మల కనుబొమల కింద కళ్లు నల్ల గుంతలవుతాయి. అదే డిసెంబరు చివర్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తు దాటడు. దక్షిణం గోడకు రోజంతా వాలు వెలుతురు దొరుకుతుంది. తూర్పు ముఖం గుడికి పొద్దున, పడమటి గోడకు సాయంత్రం అనేది అందరికీ తెలిసిందే. చిక్కు ఉత్తరం గోడతోనే. చలికాలంలో దాని మీద ఎండ పడనే పడదు. ఎండాకాలంలో పొద్దునా సాయంత్రమూ కాసేపు పక్కగా తగులుతుంది. కాబట్టి ఉత్తరం గోడకు మబ్బు పట్టిన వానాకాలం పగలు మేలు. మెత్తటి వెలుతురు అన్ని మూలలకూ సమంగా అందుతుంది.

శిల్పానికి మాత్రం ఈ సమమైన వెలుతురు పనికిరాదు. డిచ్‌పల్లి రామాలయాన్ని ఇక్కడి జనం ఇందూరు ఖజురాహో అంటారు. చిన్న గుట్ట మీది ఆ గుడి గోడల నిండా చెక్కడాలే. ఎదురెండలో తీస్తే అవి గోడకు అంటించిన కాగితం బొమ్మల్లా వస్తాయి. వెలుతురు గోడను రాసుకుంటూ పక్కగా రావాలి. అప్పుడు మోచేతి వంపు కింద సన్నటి నీడ పడుతుంది, నడుము పట్టీ అంచు లేస్తుంది, ఉలి ఎక్కడ లోతుగా దిగిందో ఎక్కడ తేలిపోయిందో కంటికి తెలుస్తుంది. అలాంటి వెలుతురు ఒక్కో గోడకు రోజులో చాలా కొద్దిసేపే ఉంటుంది. ముందురోజే వచ్చి ఏ గోడకు ఏ వేళో రాసుకుని వెళ్లినవాడికి మర్నాడు పని సాగుతుంది. శాసనాలకూ ఇదే సూత్రం. అరిగిన అక్షరం మధ్యాహ్నం చదవరాదు, పక్క వెలుతురులో పైకి లేస్తుంది. ఎండ రానిచోట టార్చిలైటును రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తారు. అక్షరాల మీద సుద్ద, నూనె, పిండి పూయడం మాత్రం పాపమే. శాసనం చదవడానికి వచ్చినవాడు శాసనాన్నే చెరపకూడదు.

నల్లరాయి కెమెరాను మోసం చేస్తుంది. కెమెరాలోని మీటరు తన ముందున్నదంతా నడిమి రకం బూడిదరంగు అనుకుని లెక్క కడుతుంది. నల్లరాతి స్తంభాన్ని నిండుగా చూపిస్తే వెలుతురు చాలలేదనుకుని ఎక్కువ ఇస్తుంది, రాయి పాలిపోతుంది. అక్కడ ఒక స్టాప్, అంటే వెలుతురును సగానికి, తగ్గించాలి. సున్నం కొట్టిన గడీ గోడకు ఇది తలకిందులు, ఒక స్టాప్ పెంచాలి. మంటపం లోపల మరో కష్టం ఉంది. లోన చీకటి, ద్వారం బయట తెల్లటి ఎండ. ఫ్లాష్ కొడితే ముందున్న స్తంభం తెల్లబడి వెనకున్నవి మాయమవుతాయి. ట్రైపాడ్ మీద కెమెరా నిలిపి, రెండేసి స్టాపుల తేడాతో మూడు నాలుగు ఫ్రేములు తీసి తరవాత కలపడం ఇప్పటి పద్ధతి. పాత పద్ధతి ఇంకా అందమైంది. ద్వారం దగ్గర అద్దం పెట్టి ఎండను లోపలికి మళ్లిస్తారు, లోన ఒక తెల్ల పంచె పరిచి దాని మీద పడనిస్తారు. ఆ వెలుతురు గది అంతా పలచగా అలముకుంటుంది, రాయి తన రంగు తాను చూపిస్తుంది.

రెండో పాఠం నిలువు గీతలు. కెమెరాను పైకెత్తితే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది, గోడలు పైన దగ్గరికి ముడుచుకుంటాయి. సెల్‌ఫోన్‌లోని వెడల్పు లెన్సు ఈ జబ్బును రెట్టింపు చేస్తుంది. మందు ఒక్కటే: కెమెరా నేలకు సమంగా ఉండాలి, ఎత్తు కావాలంటే దూరం జరగాలి. ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. 30 మీటర్ల పొగగొట్టాన్ని పూర్తి ఫ్రేమ్ కెమెరాతో, 24 మిల్లీమీటర్ల లెన్సుతో, కెమెరాను నిలువుగా పట్టి, ఏమాత్రం ఎత్తకుండా తీయాలంటే సుమారు 38 మీటర్ల దూరం కావాలి. 50 మిల్లీమీటర్ల లెన్సుతో అయితే దాదాపు 80 మీటర్లు. ఫ్రేములో కింది సగం నేలకే పోతుంది, దాన్ని కోసేయవచ్చు. ఆ నష్టం లేకుండా లెన్సును మాత్రమే పైకి జరిపే షిఫ్ట్ లెన్సులున్నాయి, ఖరీదెక్కువ. దీన్‌దయాళ్ కాలపు పెద్ద పెట్టె కెమెరాల్లో ముందు పలకను పైకి జరిపి ఇదే పని చేసేవారు. ఇరుకు గల్లీలో దూరం దొరకదు కాబట్టి ఎదురింటివాళ్లను అడిగి మేడ ఎక్కడమే ఉపాయం. కట్టడం సగం ఎత్తుకు చేరితే గీతలు వాటంతటవే సర్దుకుంటాయి.

గుట్టలకు ఈ నిలువు గీతల నియమం లేదు. ఆర్మూరు నవనాథ సిద్ధుల గుట్ట చుట్టుపక్కల బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. ఎవరూ పేర్చలేదు. దక్కను గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమిలో ఉండగానే రాతికి అడ్డంగా, నిలువుగా నెర్రెలు పడ్డాయి. నీరు ఆ నెర్రెల్లోకి దిగి మూలలను అరగదీసింది. మెత్తబడ్డ మట్టి వానలకు కొట్టుకుపోగా నడిమి గట్టి గుండ్లు బయటపడి నిలిచాయి. ఫొటోగ్రాఫరు ఈ కథ తెలిసి తీస్తే ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. రెండు గుండ్ల నడుమ నెర్రె ఒకే గీతగా కనిపించే చోటు వెతుకుతాడు. గుండు కింద ఎంత ఇరుకు మీద అంత బరువు ఆగిందో కనిపించేలా కిందికి వంగి తీస్తాడు. గుండుకు కొలత తెలియాలంటే పక్కన మనిషి నిలబడాలి, లేకుంటే ఇంటంత బండ కూడా గులకరాయిలా వస్తుంది. క్వారీలు మిగిల్చిన గుట్టలు రోజురోజుకూ తక్కువవుతున్నాయి. హైదరాబాద్‌లో 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ ఉద్యమంలో ఛాయాచిత్రకారులకు చోటు దక్కింది అందుకే. మాట కంటే ముందు ఫొటో వాదిస్తుంది.

బోధన్ దేవల్ మసీదు దగ్గర పని ఇంకా సున్నితం. చెక్కడపు రాతి స్తంభాలు, పైన గుమ్మటాలు: వేర్వేరు కాలాల చేతిపని ఒకే కప్పు కింద ఉంది. తనకు నచ్చిన కాలాన్నే ఫ్రేములో పెట్టి రెండోదాన్ని కోసేసేవాడు కట్టడానికి అన్యాయం చేస్తాడు. మొత్తం ఆవరణ ఒకటి, నాలుగు దిక్కుల నుంచి నాలుగు, పైకప్పు, స్తంభం పీఠం నుంచి బోదె దాకా వరసగా తీసినదే నమ్మకమైన దాఖలా. ఇందూరు ఖిల్లాకూ అదే వరస వర్తిస్తుంది. అక్కడి జైలులోనే 1948లో కవి దాశరథి కృష్ణమాచార్య ఖైదీగా ఉండి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. అలాంటి గదికి అందమైన కోణం వెతకనక్కర్లేదు. గోడ ఎంత ఎత్తు, కిటికీ ఎక్కడ, వెలుతురు ఎటునుంచి వస్తుంది, ఇవి తెలిస్తే చాలు.

నీటి కట్టడాల్లో నిజాంసాగర్‌దే పెద్ద పీట. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ రాతి ఆనకట్ట ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ నేతృత్వంలో లేచింది. సుమారు మూడు కిలోమీటర్ల పొడవును ఒకే ఫ్రేములో ఇరికిస్తే సన్నటి దారం మిగులుతుంది. కట్ట చివర నిలబడి పొడవు లెన్సుతో తీస్తే గేట్లు ఒకదాని వెనక ఒకటి దగ్గరికొచ్చి కట్టడం బరువు తెలుస్తుంది. శ్రీరాంసాగర్ 42 వరద గేట్లకూ ఇదే ఉపాయం. గేట్లెత్తినప్పుడు షట్టరు వేగం ఎంపికను బట్టి నీటి రూపం మారుతుంది. సెకనులో వెయ్యో వంతు ఇస్తే చుక్కలు చుక్కలుగా ఆగుతుంది, అర సెకను ఇస్తే పాలధార అవుతుంది. కట్టడం గురించి చెప్పాలంటే మొదటిదే నిజాయితీ గలది, నీటి తాకిడి రాతికి ఎంతో అందులో తెలుస్తుంది. ఆనకట్టల మీద డ్రోను ఎగరేయాలంటే అనుమతి ముందే తీసుకోవాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 2021 డ్రోన్ నిబంధనలు 400 అడుగుల వరకే ఎగరనిస్తాయి.

ఇక మిల్లు. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే పుట్టింది. 2015 డిసెంబరులో లేఆఫ్‌తో గానుగ ఆగింది. గుడికి భక్తులుంటారు, కోటకు పురావస్తు శాఖ ఉంటుంది. మూతపడ్డ మిల్లుకు తుక్కు వ్యాపారి తప్ప ఎవరూ ఉండరు. అందుకే ఈ జిల్లాలో అన్నిటికంటే ముందు ఫొటో తీయవలసిన కట్టడాలు ఇవే. పంచదార మిల్లును పని నడిచే వరసలోనే తీయాలి. చెరుకు బండ్లు నిలిచే యార్డు, తూకం కాంటా, చెరుకును లోపలికి మోసే క్యారియర్, గానుగ రోలర్లు, పిప్పి కాలే బాయిలరు, రసం మరిగే పాన్లు, పంచదారనూ మొలాసిస్‌నూ విడదీసే సెంట్రిఫ్యూగల్ యంత్రాలు, చివరికి గోదాము. ఈ క్రమం తప్పితే ఎంత మంచి ఫొటో అయినా ఏ యంత్రం ఏం చేసిందో చెప్పలేదు.

జర్మనీలో బెర్న్డ్, హిల్లా బెషర్ దంపతులు 1959 నుంచి ఇలాంటి కట్టడాలకే జీవితం ఇచ్చారు. నీటి ట్యాంకులు, కొలిమి బట్టీలు, గని మీది గోపురాలు. మబ్బు పట్టిన రోజు, ఎదురుగా, ఒకే ఎత్తు నుంచి, నీడ లేకుండా తీసి, ఒకే రకం కట్టడాలను గళ్లగళ్లుగా పక్కపక్కన పెట్టారు. పక్కపక్కన పెట్టినప్పుడే ఒక్కో ఊరి మేస్త్రీ చేతివాటం తేడా కనిపిస్తుంది. 1990 వెనిస్ బియెనాలెలో వాళ్లకు శిల్పకళ బహుమతి ఇచ్చారు, ఫొటోలకు. ఇందూరు పల్లెల్లోని నీళ్ల ట్యాంకులు, గడీల దర్వాజలు, చెరువు తూములు, మత్తళ్లు ఇలా వరసగా తీస్తే ఒక తరం చేతిపని మొత్తం ఒక గోడ మీదికి వస్తుంది.

ఫొటో నుంచి కొలత రాబట్టడం ఈ విద్యలో చివరి మెట్టు. 1858లో వెట్జ్‌లార్ కేథడ్రల్‌ను టేపుతో కొలుస్తూ ఆల్బ్రెక్ట్ మైడెన్‌బావర్ అనే యువకుడు పైనుంచి పడబోయి తప్పించుకున్నాడు. అంత ఎత్తు ఎక్కకుండా ఫొటో మీదే కొలవవచ్చని అప్పుడు తోచింది. ఆ ఆలోచనే ఫొటోగ్రామెట్రీ అయింది. ఇప్పుడు సెల్‌ఫోన్‌తోనూ సాధ్యం. కట్టడం చుట్టూ అడుగడుగునా తీస్తూ, ప్రతి ఫొటోలో ముందరి ఫొటోలోని 60 నుంచి 80 శాతం మళ్లీ వచ్చేలా చూసుకుంటే కంప్యూటరు వాటిని కలిపి త్రిమితి నమూనా కడుతుంది. ఫ్రేములో ఒక మీటరు కొలకర్ర ఉండాలి, లేకుంటే నమూనాకు రూపం ఉంటుంది గాని కొలత ఉండదు. మబ్బు పగలు మేలు, జూమ్ మార్చకూడదు. కామారెడ్డి జిల్లా దోమకొండ గడికోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అలాంటి పని చేపట్టే మేస్త్రీలకు పడిపోయిన కమాను ఒకప్పుడు ఎంత వంపు తిరిగిందో చెప్పేవి ఇలాంటి పాత ఫొటోలే.

తీసిన ఫొటోకు రాత ఉండాలి. ఊరు, కట్టడం, గోడ దిక్కు, తేదీ, వేళ, నిలబడ్డ చోటు. కట్టడాన్ని ఫొటో తీయడానికి 1957 కాపీరైట్ చట్టం అడ్డు చెప్పదు. రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే మాత్రం శాఖ అనుమతి అడగాలి. ఒరిజినల్ ఫైలు ఒకచోట, నకళ్లు మరో రెండు చోట్ల దాచాలి. అన్నిటికంటే విలువైంది ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడం. కందకుర్తి నదిలోని శివాలయం వానాకాలం వరదకు నీటిలో మునుగుతుంది, ఎండాకాలం మళ్లీ ఇసుక మీద తేలుతుంది. ఒడ్డున ఒక రాయికి గుర్తు పెట్టుకుని, అదే లెన్సుతో, అదే ఎత్తులో నెలకొకటి తీసుకుంటూ పోతే ఏ నెల ఎంత నీరు వచ్చిందో, ఏ ఏడాది ఏ రాయి జారిందో ఆ వరసలో తేదీలతో సహా కనిపిస్తుంది.