ఎడమచేతి ప్రయాణం

బొబ్బిలి కాంప్లెక్సులో విజయనగరం బస్సు ఎక్కేటప్పుడు నా కుడిచెయ్యి కొంగు చాటున ఉంటుంది. తలుపు దగ్గరి కమ్మీ పట్టుకునేది ఎడమచెయ్యి. ముందు సీటు కడ్డీ, దిగేటప్పుడు నెత్తిమీది కమ్మీ, అన్నీ దాని వంతే. కుడిచెయ్యి అన్నం కలిపేది, కంట్లో నలక తీసేది, నోట్లో వక్కపలుకు వేసేది. దాన్ని దేనికీ తగలనివ్వకుండా ఇల్లు చేర్చితే సగం భయం తీరినట్టేనని నా లెక్క. 2020 నుంచీ ఇదే పద్ధతి. చెప్పడానికి చిన్నదే గానీ సాధన కావాలి. రామభద్రపురం దగ్గర డ్రైవరు ఒక్కసారి బ్రేకు తొక్కాడంటే ముందు రెండు చేతులూ కమ్మీ మీద ఉంటాయి, పద్ధతి ఆ తరవాత గుర్తొస్తుంది.

దీనికి మొదటి దెబ్బ కండక్టరు దగ్గరే తగిలింది. అప్పటికింకా ఆడవాళ్ళకి టికెట్టు ఉండేది. ఎడమచేత్తో యాభై నోటు చాపాను. ఆయన తీసుకోలేదు. మెషిను ఛాతీకి ఆనించుకుని, నోటు వైపు కాదు, నా మొహం వైపు చూశాడు.

"ఎడం సేత్తో ఇత్తారేటమ్మా?"

చుట్టూ నలుగురు తిరిగి చూశారు. కమ్మీ మీద బాక్టీరియా, వైరస్సు అని మొదలుపెడదామనుకుని నోరు మూసుకున్నాను. కుడిచెయ్యి కొంగులోంచి బయటికి తీసి, నోటు మార్చి ఇచ్చాను. ఆయన శాంతించాడు. కూర్చున్నాక తోచింది, మా ఇద్దరిదీ ఒకటే శాస్త్రం. కుడిది శుభ్రమైన చెయ్యి, దాన్ని కాపాడాలి అని నేను. కుడిది శుభ్రమైన చెయ్యి, దాంతోనే ఇవ్వాలి అని ఆయన. 2025 ఆగస్టు 15 నుంచి బస్సు ఉచితమయ్యాక ఈ గొడవ తప్పింది. చూపించాల్సింది ఆధార్ కార్డు, అది ఏ చేత్తో చూపించినా అడిగే తీరిక ఎవరికీ లేదు. ఆ రద్దీలో కమ్మీ అందితేనే గొప్ప.

అసలు కండక్టర్ల విషయంలో నా తరానికి శుభ్రం గురించి మాట్లాడే హక్కుందా అని అనుమానం. మెషిన్లు రాకముందు రంగురంగుల టికెట్ల కట్టలుండేవి. కండక్టరు బొటనవేలు నాలిక్కి తడి చేసుకుని సర్రుమని చీటీ చింపి ఇచ్చేవాడు. చీటీ మూల ఆ తడి అలాగే ఉండేది. మేం దాన్ని రెండు పెదాల మధ్య బిగబట్టి, తీరిగ్గా సంచిలో చిల్లర సర్దుకునేవాళ్ళం. ఒక్కరోజు కూడా ఏమీ అనిపించలేదు. ఇప్పుడు రాస్తుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

భయం 2020లో పుట్టింది. రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మార్చిలో నెల్లూరులో బయటపడింది. విజయనగరం జిల్లాలో మే నెల వచ్చేదాకా ఒక్కటీ లేదు, రాష్ట్రంలో ఆఖరికి మిగిలిన జిల్లా మాదే. కేసు లేని ఆ నెలన్నరలో చేసినన్ని చేష్టలు కేసులొచ్చాక కూడా చెయ్యలేదు. పాల ప్యాకెట్లకి సబ్బు పెట్టాను. వంకాయల్ని పసుపునీళ్ళలో నానబెట్టాను. కిరాణా కొట్టువాడు తిరిగిచ్చిన వంద నోటుకి ఇస్త్రీ చేశాను. పత్రికని మధ్యాహ్నందాకా డాబా మీద ఎండబెట్టి చదివేవాళ్ళం, నా కాలమ్ వచ్చిన రోజు కూడా. ఆ మార్చిలోనే ఒక అమెరికన్ వైద్యపత్రికలో లెక్కొచ్చింది: వైరస్సు ప్లాస్టిక్ మీద, స్టీలు మీద మూడురోజుల దాకా బతికుంటుంది, అట్ట మీద ఒకరోజు, రాగి మీద నాలుగు గంటలే. ఆ చివరి ముక్క పట్టుకుని అటక మీంచి మామ్మ నాటి బుడితి ఇత్తడి చెంబు దించాను. ఇత్తడిలో సగానికి పైగా రాగే కదా. చింతపండు పెట్టి రెండు గంటలు తోమితే గానీ అది ఇత్తడని నాకే నమ్మకం కుదరలేదు.

ఏడాది తిరిగేసరికి, 2021 ఏప్రిల్లో, అమెరికా వాళ్ళ వ్యాధి నియంత్రణ సంస్థే ఇంకో లెక్క చెప్పింది. వైరస్సున్న చోటు ముట్టుకుంటే అది అంటుకునే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువట. అది ముఖ్యంగా గాలిలోనే వస్తుంది. అంటే నేను కిటికీ అద్దం పట్టుకోడానికి భయపడి మూసి ఉంచాను, తెరిస్తే మేలయ్యేది.

అయితే పద్ధతి మానెయ్యొచ్చుగా అంటే, మానబోయాను. ఇంతలో 2023 వానాకాలంలో కళ్ళకలక వచ్చిపడింది. తెలుగుదేశమంతా ఎర్రటి కళ్ళే. ఇది అచ్చంగా చేతుల వ్యవహారం. వాళ్ళు కన్ను నలుపుకుని కమ్మీ పట్టుకుంటారు, మనం కమ్మీ పట్టుకుని కన్ను నలుపుకుంటాం. పైగా కళ్ళకలక తెచ్చే వైరస్సుల్లో ఎక్కువవాటికి కరోనాకి ఉన్నట్టు కొవ్వు పొర ఉండదు. శానిటైజరుకి అంత తేలిగ్గా లొంగవు. సబ్బు రుద్ది, ధార కింద కడిగి సాగనంపాలి. పద్ధతి పాటిస్తున్న నాకే వచ్చింది. ఎలాగా అని వారం రోజులు నల్ల కళ్ళద్దాల వెనక ఆలోచిస్తే దొరికింది: జారిపోతున్న కళ్ళజోడు పైకి తోసేది నా ఎడమచెయ్యే. సిడ్నీలో ఇరవై ఆరుమంది వైద్యవిద్యార్థుల్ని కూర్చోబెట్టి లెక్కపెడితే సగటున గంటకి 23 సార్లు మొహం తడుముకున్నారని 2015లో రాశారు. వైద్యం చదివేవాళ్ళ సంగతే అది.

మా మామ్మ దగ్గర ఇంతకన్నా గట్టి పద్ధతి ఉండేది. గ్లాసు పెదవికి తగలకూడదు, ఎత్తి తాగాలి. బయటి నుంచి వస్తే కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా గడప దాటకూడదు. ఎంగిలి చెయ్యి కుండలో పెట్టకూడదు. 2020లో ఈ మాటలన్నీ ఫోన్లలో తిరిగాయి, మన పెద్దలకి అప్పుడే తెలుసు చూడండీ అని. నేనూ నాలుగు పంపాను. పంపుతుంటే ఒకటి గుర్తొచ్చి ఆగిపోయాను. మా పెరటి గోడ గూట్లో ఒక సొట్టగ్లాసు ఉండేది. పొలంలో పనిచేసి వచ్చినవాళ్ళకి మజ్జిగ దాంట్లోనే. నీళ్ళడిగితే గ్లాసు కూడా లేదు. వాళ్ళు దోసిలి పట్టాలి, మామ్మ చెంబు ఎత్తి, తగలకుండా, పైనుంచి పోసేది. అదే ఇత్తడి చెంబు, నేను రాగి అని మురిసి తోముకున్నది. కోతలకి వచ్చినవాళ్ళు చెరువులో మునిగి వచ్చినా దోసిలే. అదే మా దూరపు చుట్టం రెండు రోజుల రైలు మురికితో దిగితే లోపలి గ్లాసు. సూక్ష్మజీవికి ఈ తేడా తెలీదు. మామ్మకి తెలుసు.

తెలుగులో 'అంటు' ఒక్కటే మాట. ఎంగిలి గిన్నెలు అంట్లు. రోగం అంటువ్యాధి. మైల వస్తే అంటు. మనుషుల్ని ఊరి చివర ఉంచడానికీ ఆ మాటే వాడారు. (మామిడికి అంటు కడితే మాత్రం కాయలు కాస్తాయి.) బస్సులో ఎవరో లేచిన సీటు నేను రుమాలుతో తుడిచి కూర్చుంటున్నప్పుడు, తుడుస్తున్నది ఏ అంటు అని నన్ను నేను అడుగుతుంటాను. లేచింది తెల్లచొక్కా ఉద్యోగస్తుడైతే ఒక్కోసారి తుడవను. ఇది ఒప్పుకోడానికి చాలారోజులు పట్టింది.

మొన్నామధ్య గొల్లపల్లి వెళ్ళాను. బొబ్బిలి వీణ తయారయ్యే ఊరు, మాకు పక్కనే. పనసమాను ఒకటే తొలిచి ఏకాండి వీణ చేస్తారక్కడ. ఇరవైనాలుగు మెట్లు, ఏడు తీగలు. మెట్లని నిలబెట్టేది మైనం, బొగ్గుపొడి కలిపిన నల్లటి గట్టు. దగ్గరగా వంగి చూస్తే ఆ నలుపులో వరసగా బొటనవేలి ముద్రలు, గీతలతో సహా. వేడిగా ఉన్నప్పుడు నొక్కినవి. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. ఒకరు నొక్కింది కాదు. చూసి, అలవాటుగా సంచిలోంచి శానిటైజరు తీసి చేతులకి రాసుకుని తీగ మీటబోతే, ఉలితో కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఆ స్పిరిట్ సేతుల్తో ముట్టుకోకమ్మా, పాలిష్ తెల్లబడిపోద్ది. కులాయి కాడ కడుక్కుని తుడుసుకుని రా. సెమట తగిల్తే తీగ తుప్పడతాది."

ఆరేళ్ళుగా నేను వస్తువుల నుంచి నా చేతిని కాపాడుకుంటున్నాను. అక్కడ నా చేతి నుంచి వస్తువుని కాపాడుతున్నారు. కడుక్కుని వచ్చి, ఎడమచేత్తో మెట్టు నొక్కి, కుడిచేత్తో మీటాను. వీణకి రెండూ కావాలి, ఒకటి కొంగులో పెట్టుకుంటే కుదరదు. శ్రుతి గురించి ఏమీ అడక్కండి.

భయపడాల్సింది ఎక్కడో భయపడుతున్నది ఎక్కడో అన్నది 2024 అక్టోబరులో బాగా తెలిసింది. మా జిల్లాలోనే గుర్లలో అతిసారం. వందలమంది వాంతులు, విరేచనాలతో పడిపోయారు, కొన్ని ప్రాణాలు పోయాయి. అందరి వేళ్ళూ తాగేనీటి వైపే చూపించాయి. ఆ వారం కూడా నేను బస్సులో కుడిచెయ్యి దాచుకునే వెళ్ళాను. మధ్యదారిలో ఒక టీకొట్టు దగ్గర సీసా నింపుకుని తాగాను. ఆ డ్రమ్ము ఎప్పుడు కడిగారో, నీళ్ళు ఎక్కడివో అడగలేదు. కమ్మీ మీది మురికి కంటికి కనిపిస్తుంది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

కిందటి వేసవిలో సాలూరు నుంచి వస్తున్నాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్ళో గోనెసంచి. బస్సంతా పనసవాసన. కాసేపటికి అడ్డాకు పొట్లం విప్పింది. నాలుగు తొనలు. ఒకటి వేళ్ళతో తీసి, గింజ తప్పించి, నా ముందు పెట్టింది.

"తిను, మా సెట్టుదే. సీటు తుడుసుకుని కూకున్నావు, నాను సూసినాను. సెయ్యి కూడా కడుక్కుంతావేటి?"

దొరికిపోయాను. నవ్వేసి, కడుక్కుంటానన్నాను. రామభద్రపురంలో బస్సు ఆగింది. కిందికి దిగి, సంచిలోంచి సబ్బుముక్కా నీళ్ళసీసా తీశాను. సీసాతో ఒంటరిగా రెండు చేతులూ కడుక్కోవడం ఎప్పటికీ కుదరని పని. సీసా పట్టుకున్న చెయ్యి మిగిలిపోతుంది. దాన్ని కడగాలంటే కడిగిన చెయ్యి మళ్ళీ సీసా పట్టుకోవాలి. ఆవిడ మెట్టు మీద నిలబడి ఈ అవస్థ చూస్తూ ఉంది.

"ఇలగియ్యి" అని దిగి, సీసా లాక్కుంది. మూతికి బొటనవేలు అడ్డంపెట్టి, ధార సన్నగా చేసి పోసింది. చేతులు రెండూ దోసిలి పట్టి, రుద్ది, కడిగాను. తరవాత తన చేతులు చాపింది. నేను పోశాను. సబ్బుముక్క వాసన చూసి, బావుందంది. తొనలు ఇద్దరం అక్కడే నిలబడి తిన్నాం. డ్రైవరు హారన్ కొట్టాడు.

బస్సు గజపతినగరం వైపు తిరిగాక దాహం వేసింది. సీసాలో ఇంకా సగం నీళ్ళున్నాయి. మూతి మీద పనసజిగురు, బొటనవేలి పక్కన అంటుకున్నది, సన్నగా మెరుస్తోంది. ఎత్తి తాగాను, పెదవికి తగలకుండా, అలవాటు కొద్దీ.