పాత కారు: ఉద్ధరణమా, రూపాంతరమా?

విమర్శ యనునది కావ్యములకును నాటకములకును మాత్రమే చెల్లునని మనలో పలువురి తలంపు. ఇనుపరేకుతో చేసిన మోటారుబండిని గూర్చి విమర్శ వ్రాయుట యేమని ఈ సంచిక సంపాదకులు కూడ నన్నడిగిరి. నేను పండితుడను గాను. మెట్రిక్‌తో చదువు చాలించి, ఒక బీమా కంపెనీ మోటారు విభాగమున ముప్పదియెనిమిదేండ్లు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి గైకొన్నవాడను. నా బల్లమీదుగా సాగిపోయిన రిజిస్ట్రేషను పుస్తకములకు లెక్కలేదు. కావ్యమును గూర్చి వ్రాసినచో తప్పులు దొరలును గాని, బండిని గూర్చి వ్రాయుటకు నాకు కొంత అధికారము కలదనియే యనుకొనుచున్నాను.

ఈ ప్రస్తావనకు కారణము మా మేనల్లుడు. కామాఠిపురలో మా రెండు కుటుంబములును ఒకే చాల్‌లో ఉన్నవి. వాడు నాగపాడా వైపు ఒక షెడ్డులో మెకానిక్కు. తండ్రి పోయి నాలుగేండ్లయినది. క్రిందటి వేసవిలో ఒక రాత్రి భోజనమైన పిదప నాయొద్దకు వచ్చి, కుర్లాలో పాతసామానుల వర్తకుని వాకిట 1996 నాటి కాంటెస్సా కారొకటి పడియున్నదనియు, రెండు లక్షల డెబ్బదియైదు వేలకు ఇచ్చుననియు చెప్పెను. "మామా, గిది మన దేశం మజిల్ కారు. ఒక్కపారి నువ్వొచ్చి చూడు, తర్వాత ఏమన్నా అను" అనెను.

వాని యూహ కొనుటతో ఆగలేదు. ఉన్న ఇంజనును దింపి జపానుదేశపు ఆరు సిలిండర్ల ఇంజను నెక్కించుట, వెడల్పు టైర్లు పట్టుటకై చక్రములపై రేకును కోయుట, బానెటును చీల్చి గాలి లోనికి పోవుటకు తొట్టివంటిదొకటి నిలుపుట, పక్కలకు నిప్పుమంటల బొమ్మలు వేయించుట. ఇందులకు మరి నాలుగు లక్షలగునని వాని లెక్క. తండ్రి వదలిపోయిన సొమ్ము ఆరు లక్షలు. అది వాని తల్లి, అనగా మా చెల్లెలు, చాల్ ఖాళీ చేయవలసివచ్చిన నాడు అద్దెకును డిపాజిట్టుకును అక్కరకు వచ్చునని దాచినది. తక్కువబడిన డెబ్బదియైదు వేలకై మామ జ్ఞప్తికి వచ్చినాడు.

మజిల్ కారు, అనగా కండగల కారు, అను పేరు అమెరికాది. 1964లో పాంటియాక్ వారు మధ్యతరహా బండిలో ఆరు లీటర్లకు మించిన ఇంజనును పెట్టి జి.టి.ఓ. యను దానిని అమ్మిరి. అటుపై తక్కిన కంపెనీలన్నియు ఆ దారి పట్టినవి. పదేండ్లు తిరుగకుండనే ఆ వైభవము సన్నగిల్లినది. పొగపై వచ్చిన కట్టుబాట్లును, 1973 నాటి చమురు కొరతయు అందులకు కారణములని అందరు చెప్పుదురు. ఇట్టి బండ్లకు బీమా కంపెనీలు ప్రీమియము విపరీతముగా పెంచుటయు ఒక కారణమే. మా వృత్తివారి ప్రతాపమును చరిత్రకారులు తరచుగా మరచిపోవుదురు గనుక ఇచట చెప్పుచున్నాను.

మన కాంటెస్సా పుట్టుక వేరు. ఇంగ్లండులో వాక్స్‌హాల్ కంపెనీ చేసి మానివేసిన బండి నమూనాను హిందూస్థాన్ మోటార్స్ వారు తెచ్చుకొని, బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున 1984 ప్రాంతమున తయారుచేయ మొదలిడిరి. పొడవైన ముక్కు, వెడల్పైన భుజములు, నిలువెల్ల దర్పము. లోపల నున్నదో, అంబాసిడరు కారునకు వాడిన 1489 సి.సి. ఇంజనే. దాని శక్తి ఇంచుమించు ఏబది గుర్రములు. ఏనుగు మేనిలో లేగదూడ గుండెను పెట్టినట్లుండెను. కొన్నేండ్లకు జపానుకు చెందిన ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజనును, ఐదు గేర్లను అమర్చిన పిమ్మట గాని అది తన రూపమునకు కొంతయైన తగినట్లు నడువలేదు. 2002లో దాని తయారీ ముగిసినది. అమెరికావారి కొలతలో ఇది మజిల్ కారు కానేరదు. ఐనను మారుతీ బండ్లు నిండిన వీథిలో కాంటెస్సా వచ్చి నిలిచినచో జనులు తలత్రిప్పి చూచెడివారు. సినిమాలలో ప్రతినాయకుడు దిగుటకు దానిని ఊరక యెన్నుకొనలేదు.

ఒక ఆదివారము ఇరువురమును కుర్లాకు పోయితిమి. బండి మూడేండ్ల క్రిందటి వరకు తిరిగినదట. రిజిస్ట్రేషను 2021లో ఐదేండ్లకు పొడిగింపబడినది. నేను జేబులో అయస్కాంతపు ముక్క నొకటి తీసికొనిపోతిని. రేకుపై అయస్కాంతము అంటుకొనును. రేకు తుప్పుపట్టి పోగా పుట్టీ నింపి రంగు పూసిన చోట జారిపడును. ముంబై సముద్రపు గాలికిని నాలుగు నెలల వానకును పాతబండ్లు క్రిందినుండి పైకి తినబడును. తలుపుల క్రింది పట్టీలపై రెండుచోట్ల అయస్కాంతము జారినది. డ్రైవరు కాళ్లక్రింది చాపను ఎత్తిచూడగా నేల కనబడినది. పైకప్పును, బానెటును, వెనుక డిక్కీని ముట్టి చూచితిని, గట్టిగా నున్నవి. ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు గుడ్డతో తుడిచి పుస్తకముతో సరిచూచితిని. ఒక్క అంకె తేడా లేదు. నాకు మిక్కిలి సంతోషమైనది. మేనల్లునకు ఆ సంతోషము బోధపడలేదు. ఆ ఇంజనును పారవేయ నెంచినవానికి దాని నెంబరుతో నేమి పని?

ఇక విమర్శ. వాని పక్షమున చెప్పదగిన మాట యొకటి కలదు. దానిని దాచుట న్యాయము గాదు. ఈ బండి రూపము చేసిన వాగ్దానమును గుణము చెల్లింపలేదు. పద్యము నడక వీరరసమునకు తగినట్లుండి భావము పేలవముగా నున్నచో విమర్శకుడు తప్పు పట్టడా? అట్లే ఆ మేనికి తగిన గుండె నిచ్చెదనను యువకుని కోరికలో అర్థమున్నది. ఇది అల్లరి కోరిక యని త్రోసివేయువారు ఆ బండిని ఒక్కసారియు సరిగా చూడనివారు.

అయినను నేను దాని ముందరి సీటులో కూర్చుండి చాలసేపు ఆలోచించితిని. సోఫావలె మెత్తని ఆ సీటు, ముందు విశాలముగా పరచుకొన్న బానెటు, గుంతలను తొందరలేక దాటు ఆ మెత్తని స్ప్రింగులు, ఇవి యన్నియు ఏ నడకకు ఏర్పడినవి? దాని రసము వీరము గాదు, గాంభీర్యము. తాపీగా పోవు పెద్దమనిషికి బూట్లు తొడిగి పరుగుపందెములో నిలుపుట యెట్టిదో, ఆరు సిలిండర్ల ఇంజను దీనికి అట్టిది. ఇంజను మాత్రము మార్చిన చాలునని యనుకొనువాడు మెకానిక్కు గాడు. శక్తి రెట్టింపైనచో బ్రేకులు చాలవు. బ్రేకులు మార్చినచో చక్రములు మారవలెను. వెనుక ఇరుసు తాళదు, రేడియేటరు చల్లార్చలేదు, గేరుబాక్సు అమరదు, అది అమరుటకు నేల కోయవలెను. తుదకు మిగులునది పైరేకు మాత్రమే. నాలుగు లక్షల లెక్క ఇంజనుతోనే అయిపోవును.

చట్టము విషయము త్వరగా చెప్పి ముగింతును. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. కేరళనుండి వచ్చిన ఒక వ్యాజ్యములో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్థిరపరచినది. గ్యాసు, బ్యాటరీవంటి వేరు ఇంధనమునకు ఆమోదించిన కిట్టు అమర్చుకొనుటకు మాత్రము వేరు నిబంధనలు కలవు. మూడవపక్షపు బీమా లేనిదే బండి రోడ్డుపైకి రారాదు గదా. ప్రమాదము జరిగినప్పుడు "ఇంజను నెంబరు పుస్తకముతో సరిపోలలేదు" అను ఒక్క వాక్యము ఫైలులో పడినచో, ఆ ఫైలు ఎన్ని బల్లలు తిరుగునో, ఎన్నేండ్లు తిరుగునో నేనెరుగుదును. ఇరువది యేండ్లు దాటిన కారునకు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము 2025 ఆగస్టునుండి పదివేల రూపాయలైనది. వింటేజి బండ్లకు 2021లో వేరు నియమములు వచ్చినవి గాని, అవి ఏబదియేండ్లు నిండినవానికే. మన 1996 కారు 2046 వరకు ఆగవలెను. అప్పటికిని ఛాసిస్సును, పైతొడుగును, ఇంజనును మార్పులేక నిలుపుకొన్నదానికే ఆ గౌరవము.

నేను వానికి చట్టము చెప్పినప్పుడు వాడు ఆవులించెను. అందుచేత హనుమకొండ సంగతి చెప్పితిని. మన పెద్దలలో అనేకులు ఆ ప్రాంతములనుండియే ఈ నగరమునకు కూలికి వచ్చి, రాళ్లు మోసి, కామాఠీలను పేరును ఈ పేటకే యిచ్చినవారు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడి కల్యాణమండపము క్రుంగిపోవుచుండగా, పురావస్తుశాఖవారు 2006 ప్రాంతమున దానిని రాయి రాయిగా విప్పిరి. ప్రతి రాతికి గుర్తు వేసిరి. పునాదిని బాగుచేసి, ఏ రాయి ఏచోట నుండెనో ఆచోటనే తిరిగి నిలిపి 2024 మార్చిలో తెరచిరి. ఇంచుమించు పదునెనిమిదేండ్లు పట్టినది. ఆలస్యమునకు తిట్టినవారు తిట్టిరి, అందులో నేనును ఒకడను. కాని వారిలో ఏ ఇంజనీరును, ఎట్లును విప్పితిమి గదా, స్తంభములు మరి రెండడుగులు పొడవు చేయుదమనలేదు. తాపీపనివాని మనుమడవు, నీకు వేరుగా చెప్పవలెనా యంటిని.

అప్పుడు వాడు నన్ను పట్టుకొనెను. "మామా, మన చాల్ కూలగొట్టి టవర్ కడ్తమంటే నువ్వే గదా ముందుగాల సంతకం పెట్టినవ్? వంద సాలు దాటిన ఇల్లు కొత్తది గావాలె, ముప్పయ్ సాల్ల కారు మాత్రం పాతగనే ఉండాల్నా?"

నాకు వెంటనే మాట తోచలేదు. కామాఠిపుర పునర్నిర్మాణము మ్హాడా వారి ఆధ్వర్యమున జరుగునను మాట కొన్నేండ్లుగా నడుచుచున్నది. సంతకము పెట్టినమాట నిజమే. మా మెట్లకు కఱ్ఱమొద్దులు మోటించి నిలిపియున్నవి. వానకాలము వచ్చినదన్న రాత్రి నిద్రపట్టదు. పాయిఖానాకు వరుసలో నిలువవలెను. అందున్న మనుష్యులకొరకు సంతకము చేసితిని. ఆ రాత్రి చాలసేపు ఆలోచించి వానికి ఈవిధముగా చెప్పితిని. పనికి పోవుటకు బండి కావలెనన్నచో ఆ సొమ్ముతో ఏదేని కొత్త చిన్నకారు కొనుము, నేను అడ్డురాను. పాతబండిని కొనువాడు దాని పాతదనమునకే వెలయిచ్చుచున్నాడు. వెలయిచ్చి కొన్నదానిని షెడ్డుకు చేరగానే కోసిపారవేసినచో ఆ వెల దేనికి? ఈ జవాబు వానికి సరిపోయెనో లేదో నేనెరుగను. చాల్ విషయములో నాకే పూర్తిగా సరిపోలేదు. మా నాయన తన చేతితో గచ్చు చేసిన గది అది.

వానికి మరియొక మాటయు చెప్పితిని. చోర్ బజారులో శుక్రవారపు తెల్లవారుజామున పోయి చూడుము. మన నగరపు ప్రీమియర్ పద్మిని టాక్సీల తలుపుపిడులు, దీపపు అద్దములు, మీటరుపెట్టెలు వాకిట పోసి అమ్ముదురు. ఇదే కుర్లాలో తయారై, అరువది యేండ్లు ఈ రోడ్లను నింపిన ఆ బండిని ఎవరును దాచవలెననుకొనలేదు, అది ఎప్పుడును ఉండునని. తుది టాక్సీకి గడువు తీరి 2023 అక్టోబరు 30నుండి అది రోడ్డుమీద లేకుండపోయినది. ఇప్పుడు చూడవలెనన్న ఫోటోలే గతి. కాంటెస్సాలు అంతకంటె తక్కువ తయారైనవి. వానిలో చెడగొట్టినవి పోగా చెడనివి యెన్ని మిగులును?

మా చెల్లెలు ఇంతసేపును బియ్యమేరుచు వినుచుండెను. ఆమె అడిగినది ఒక్కటే: "అన్నా, అదంత సరే గాని, గీ గల్లీల ఐదు గజాల బండిని ఏడ నిలబెడ్తడు?" చట్టము, రసము, మండపము అన్నియు చెప్పిన నాకు ఈ ప్రశ్న తట్టలేదు. చేతిబండి యెదురుపడినచో మనిషి గోడకానుకొని నిలువవలసిన గల్లీ మాది. షెడ్డు యజమాని నెలకింత అద్దెకు వెనుకనున్న స్థలమిచ్చునని వాడు చెప్పెను గాని, ఆ అద్దె వాని నాలుగు లక్షల లెక్కలో లేదు.

తుదకు నా షరతులు కాగితముపై వ్రాసి యిచ్చితిని. ఇంజను అదే యుండవలెను. దానిని విప్పి బోరు చేయించి, పిస్టన్లు రింగులు మార్చవలెను. రేకు ఎక్కడ పోయినదో అచటనే కొత్తరేకు అతుకవలెను, మంచిరేకును కోయరాదు. తీసిన ప్రతి మేకును చీటీ కట్టి డబ్బాలో దాచవలెను. వర్తకుడు తుప్పునకు తగ్గించి రెండు లక్షలకు ఇచ్చినచోనే కొనవలెను. తల్లి సొమ్ములో మూడు లక్షలు ముట్టుకొనరాదు. ఇవి యొప్పుకొన్నచో నా డెబ్బదియైదు వేలు ఇత్తును, అప్పుగా గాదు.

వాడు కాగితము మడిచి జేబులో పెట్టుకొని పోయెను. వారము దినములు మాటలేదు. శనివారము ఆపెరాహౌస్ వైపు స్పేరుపార్టుల దుకాణములలో ఇసుజు ఇంజనుకు పిస్టను సెట్టు ధర అడుగుచుండగా చూచితినని పొరుగింటివాడు చెప్పెను. మరునాటి రాత్రి వాడే వచ్చి గడపలో నిలిచి, కొననైతే కొనలేదని మొదటనే చెప్పి, పిమ్మట అడిగెను: "మామా, గా బండి కొత్తగ వచ్చినప్పుడు ఏ రంగులుండె?"

నేను చూచినవి తెలుపే యెక్కువయంటిని. ఫోనులోనున్న నిప్పుమంటల బొమ్మను ఒకసారి చూచుకొని, ఆ మాటను నేను వ్రాసియిచ్చిన కాగితము వెనుకనే వ్రాసికొనెను.