విభక్తి లేని భీముడు: ‘ఛోటా భీమ్’ సజీవ చిత్ర రూపాంతరం – ఒక పరిశీలన

2024 మే 31న విడుదలైన ‘ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ దమ్యాన్’ చిత్రంపై వ్యక్తమైన అసంతృప్తి ఎక్కువగా గ్రాఫిక్స్ నాసితనం చుట్టూ తిరిగింది. ఆ ఆరోపణ అబద్ధం కాదు. ముందు నిలిచిన నటులది ఒక లోకం, వెనుక కనిపించే నగరానిది మరొక లోకం అన్నట్లు ఉంటుంది. అయితే అది రోగలక్షణమే గాని రోగకారణం కాదు. గ్రాఫిక్స్‌కు ఇంకా పదింతలు ఖర్చు పెట్టినా ఈ చిత్రం ఇంతకంటే ఎక్కువగా మనసుకు పట్టేది కాదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇక్కడ మూలకర్త వేరు, అనుసర్త వేరు కాదు. హైదరాబాదుకు చెందిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ స్థాపకుడు రాజీవ్ చిలక సృష్టించిన ఈ ధారావాహిక 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. 2012లో ఆయనే ఇదే పేరుతో యానిమేషన్ చిత్రం తీశారు. పన్నెండేళ్ల తరువాత అదే కథను నటులతో మళ్లీ తీసినవారూ ఆయనే. ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ ధారావాహికలోని ఇరవై భాగాల మొదటి సంపుటిని 2010లో మనోజ్ నైట్ శ్యామలన్ ఒక్క చలనచిత్రంగా కుదించినప్పుడు, బయటివాడికి మూలం అర్థం కాలేదని అభిమానులు సరిపెట్టుకోగలిగారు. ఛోటా భీమ్ విషయంలో ఆ ఊరట లేదు. కన్నవారే పోల్చుకోలేకపోయిన బిడ్డ ఇది.

2008లో ఈ బొమ్మను చూసిన ఆరేళ్ల పిల్లలు ఇవాళ మన ఎం.ఏ. తరగతుల్లో ఉన్నారు. వారిలో పలువురికి భీముడి పేరు మొదట తెలిసింది పురాణశ్రవణం వల్ల కాదు, పాఠ్యపుస్తకం వల్లా కాదు. ఈ బొమ్మ వల్లనే. కాబట్టి దీన్ని పిల్లల సరదాగా భావించి పక్కన పెట్టడానికి వీల్లేదు.

మా మేళ్లచెరువు ప్రాంతంలో బడిగోడల మీద, అంగన్‌వాడీ గోడల మీద ఛోటా భీమ్ తరచుగా కనిపిస్తాడు. ఊరి పెయింటరు జ్ఞాపకం మీద ఆధారపడి వేసిన బొమ్మ అది. ఒకచోట మెడ ఉండదు, ఇంకొకచోట కళ్లు చెవుల దాకా సాగి ఉంటాయి. అయినా ఏ పిల్లవాడూ ‘ఇతడు భీమ్ కాడు’ అనడు. గుండ్రని ముఖం, కాషాయరంగు ధోవతి, చేతిలో లడ్డు ఉంటే చాలు. రేఖ ఎంత తక్కువ చెబితే చూసేవాడు అంత ఎక్కువ పూరించుకుంటాడు. ధోలక్‌పూర్ కూడా అలాంటిదే. అది ఏ దేశంలోనిదో, ఏ కాలానిదో ఎవరూ అడగరు. రాజు ఉంటాడు, మార్కెట్టు ఉంటుంది, చెట్టు ఉంటుంది, అంతే. ఊరు కాని ఊరు కాబట్టే అది ప్రతి ఊరూ కాగలిగింది.

కెమెరా ముందు ఈ సౌలభ్యం ఉండదు. కెమెరాకు మట్టి కావాలి. మేళ్లచెరువును చిత్రిస్తే సున్నపురాయి నేల, సిమెంటు కర్మాగారాల దుమ్ము, శంభులింగేశ్వరస్వామి గుడి చుట్టూ శివరాత్రి జాతర జనం ఎవరూ కోరకుండానే చట్రంలోకి వస్తాయి. ధోలక్‌పూర్‌కు అలాంటి నేల ఏదీ లేదు. గీతలో స్వేచ్ఛగా ఉన్న స్థలరాహిత్యం నటుల వెనుకకు వచ్చేసరికి శూన్యమైపోయింది. దర్శకుడు ఆ ఊరికి ఒక నేలను, ఒక వృత్తిని, ఒక వాసనను కొత్తగా కల్పించవలసింది. అది మానేసి, బొమ్మలోని ఊరినే పోలి ఉండే సెట్టును వెదికారు.

అద్భుతరసం సజీవ నటులకు లొంగదనే వాదం తెలుగువారి ముందు నిలవదు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి భోజన సన్నివేశం ఇందుకు సాక్ష్యం. భక్ష్యాలు తమంతట తాము కదులుతాయి, లడ్లు ఎగిరి నోట్లో పడతాయి. మార్కస్ బార్ట్లే కెమెరా పనితనాన్ని అందరూ చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. కాని ఆ దృశ్యం నిలబడింది ఎస్.వి. రంగారావు శరీరం మీద. ఆయన గదను పక్కన పెట్టి కూర్చునే తీరులో, నవ్వులో, మింగడంలో బరువు ఉంది. ఆ బరువు ముందు ఉంది కాబట్టే లడ్డు తేలికగా ఎగిరింది. భీముడి కొడుకుకు కె.వి. రెడ్డి ఇచ్చిన దేహం భీముడి పేరు పెట్టుకున్న బాలుడికి దొరకలేదు.

తిండి, బలం జంటగా రావడం మన భారతంలో పాతదే. ఆదిపర్వంలో బకాసురుడికి చేరవలసిన బండెడు అన్నాన్ని భీముడు తానే తింటాడు. విరాటపర్వంలో వలలుడై వంటశాలలో చేరతాడు. ఏకచక్రపురంలో ఆ తిండి ఒక ఊరి భయం, ఒక ఇంటి దుఃఖం. ధారావాహికలో అదే టున్‌టున్ మౌసీ లడ్డుగా మారి ఒక సంకేతంగా కుదించుకుపోయింది. బొమ్మలో సంకేతం చాలు; లడ్డు తినగానే కండ ఉబ్బుతుంది, గీత ఒప్పుకుంటుంది. నిజమైన పిల్లవాడు నిజమైన లడ్డు తింటే మాత్రం ఆకలి కనిపించాలి. ఈ చిత్రంలో నాకు ఆకలి కనిపించలేదు.

భీమ్‌గా నటించిన యజ్ఞ భాసిన్ లోపం ఇందులో లేదు. ‘పంగా’లో అతడి చురుకుదనం చూసినవారికి అది తెలుసు. అతడికి అప్పగించిన పని పాత్రను పోషించడం కాదు, బొమ్మను పోలి ఉండడం. గుణశేఖర్ 1997లో బాలనటులతో తీసిన ‘రామాయణం’లో జూనియర్ ఎన్టీఆర్ రాముడిలా ఉండడానికి ఏ బొమ్మ కొలతా అడ్డు రాలేదు. పెద్దల మాటలు పిల్లల నోట పలికినప్పుడు పుట్టే ఎడమే అక్కడి రసం. ఇక్కడ ఆ ఎడాన్ని పూడ్చాలనే తాపత్రయమే కనిపిస్తుంది. శంభు గురువుగా అనుపమ్ ఖేర్, స్కందిగా మకరంద్ దేశ్‌పాండే వంటి అనుభవజ్ఞులు కూడా ఆ తాపత్రయానికి లోబడే కదిలారు.

ఇక భాష. తెలుగు వ్యాకరణం చదవడం మొదలుపెట్టినవాడు తొలి రోజుల్లోనే నేర్చేది డు, ము, వు, లు అనే ప్రథమా విభక్తి ప్రత్యయాలను. ‘భీమ’ శబ్దం ‘డు’ చేరి భీముడైంది. ‘భీమ్’ హిందీ ఉచ్చారణలో చివరి అచ్చు రాలిపోయిన రూపం. అజంతమైన మన భాషలో అది విభక్తి దగ్గరే ఆగిపోయిన పేరు. (రమేశ్‌లు, సురేశ్‌లు మన ఇళ్లలోనూ ఉన్నారు, ఈ వ్యాసకర్తకు ఆ విషయంలో ఎవరితోనూ తగవు లేదు.) యానిమేషన్‌లో ఇది పెద్దగా బాధించలేదు. బొమ్మ పెదవి ఏ భాషకూ చెందదు కాబట్టి తెలుగు అనువాద స్వరం దానిపై ఇమిడిపోయింది. మనిషి పెదవి అలా కాదు. హిందీ పలికిన పెదవి హిందీ పలికినట్లే కనిపిస్తుంది. హైదరాబాదులో పుట్టిన పాత్ర పదహారేళ్లకు దేహం ధరించినప్పుడు ఏ భాషలో నోరు విప్పాలన్నది కేవలం వ్యాపారప్రశ్న కాదు. పెద్ద మార్కెట్టు హిందీలో ఉందన్న సమాధానం నిర్మాతకు సరిపోవచ్చు. తెలుగు శాఖలకు సరిపోదు.

మూలాన్ని మచ్చలేనిదిగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాలియా పేరులోనే నలుపు ఉంది. ఆ పేరుగలవాడు దురుసువాడు, తిండిపోతు, ఓడిపోయేవాడు. గీతలో ఇది ఆనవాయితీగా జారిపోయింది. ఒక నిజమైన పిల్లవాణ్ని ఎదురుగా నిలబెట్టి ఆ పేరుతో పిలిచినప్పుడు అది జారిపోదు. రూపాంతరానికి దొరికిన నిజమైన అవకాశం ఇదే. చిత్రం దాన్ని తాకనైనా తాకలేదు.

ఇదే సంస్థ 2019లో నెట్‌ఫ్లిక్స్ కోసం ‘మైటీ లిటిల్ భీమ్’ చేసింది. అందులో భీమ్ నడక నేర్చే పసివాడు. సంభాషణలు దాదాపు లేవు; కేరింత, ఏడుపు, లడ్డు కోసం పాకులాట, అంతే. మాట తీసేసి, కథ తగ్గించి, గీతనే నమ్ముకున్న ఆ ప్రయత్నం భాషల ఎల్లలు దాటింది. అయిదేళ్ల తరువాత అదే సంస్థ గీతను వదిలి దేహం వైపు వచ్చింది. అయితే దేహానికి కావలసిన నేలను గాని, నాలుకను గాని వెంట తెచ్చుకోలేదు. మేళ్లచెరువు గోడల మీద ఇప్పటికీ ఉన్నది మెడలేని ఆ పాత బొమ్మే.